చెరకు వెంట చరిత్ర – 11: దొరల పేర్లతో నిండిన దీవి

సంక్రాంతి వెళ్లిన వారం. తుమ్మపాల దాటి పొలాల్లోకి దిగితే ఒక బెల్లం పాక. నేను చేరేసరికి తెల్లవారుజామున వెలిగించిన పొయ్యి భగభగ మండుతోంది. ఎండిన పిప్పిని ఒకతను చేతికందినంత తీసి పొయ్యి నోట్లోకి తోస్తున్నాడు. పెనంలో రసం పొంగుకొస్తోంది. పైకి తేలిన మడ్డిని ఇద్దరు పొడుగుకాడ గరిటెలతో తోడి పక్కన డబ్బాలో పోస్తున్నారు. ఆ వాసన గురించి అనకాపల్లి చుట్టుపక్కల పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. బయటివాళ్లకు చెప్పినా అందదు.

ఓ మూల గోనెసంచి పరుచుకుని కూర్చుని, పెద్ద కాగితం మీద అచ్చు తీయించుకొచ్చిన పటం విప్పాను. పాక ఆసామి తండ్రి దగ్గరకొచ్చాడు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, నాకు వరసకు తాత.

"ఏటిది బాబూ, ఊరి నక్సావా?"

"మన ఊరిది కాదు తాతా. బార్బడోస్ అని ఒక దీవి. అమెరికా పక్క సముద్రంలో ఉంటుంది. మూడు వందల అరవై ఏళ్ల పైమాటే ఈ పటం గీసి. అదంతా చెరకు దీవి."

తాత వంగి చాలాసేపు చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు రావు. బొమ్మలు చూశాడు. పందుల్ని చూశాడు, ఒంటెల్ని చూసి నవ్వాడు. దీవి చుట్టూ వేలితో ఒక చుట్టు చుట్టి, మధ్యలోకి తెచ్చి ఆపాడు.

"సెరుకంతన్నావు. మరి ఏరేదీ? నీరు లేకుండా సెరుకెలాగొస్తాదీ?"

ఈ పటం మీద రాసినవి నేను కొన్ని చదివాను. ఈ ప్రశ్న వేసినవాళ్లు ఎవరూ తగల్లేదు. శారదా నది నీటి మీద బతికిన మనిషికి మొట్టమొదట కనిపించిన లోటు అది. జవాబేమిటంటే, బార్బడోస్ నేల పగడపు సున్నపురాయి. పడిన వాన పడినట్టే కిందికి ఇంకిపోతుంది, చెప్పుకోదగ్గ నది లేదు. అక్కడి చెరకు పూర్తిగా వానచెరకు. దీవి అంతా కలిపితే పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. ఆ కాస్త నేల ఒకప్పుడు ఇంగ్లండుకు మిగతా వలసలన్నిటికన్నా ఎక్కువ సంపద పంపింది.

కిందటి భాగంలో చెరకు బ్రెజిల్ నుంచి కరీబియన్ దీవులకు చేరడం దాకా చెప్పుకున్నాం. ఈసారి ఆ దీవుల్ని కాగితం మీదికి ఎక్కించినవాళ్ల గురించి చెప్పుకుందాం. వాళ్లతో పాటే, మన తీరాన్ని కాగితం మీదికి ఎక్కించినవాళ్ల గురించీ చెప్పాలి. ఆ రెండు కథల్నీ విడదీసి చెబితే సగం చెప్పినట్టే అవుతుంది.

తాత చూసిన పటం 1657లో లండన్‌లో అచ్చయిన ఒక పుస్తకంలోది. పుస్తకం రాసినవాడు రిచర్డ్ లిగన్. ఇంగ్లండు అంతర్యుద్ధంలో రాజు పక్షాన ఉండి, సర్వం పోగొట్టుకుని, నడివయసు దాటాక 1647లో ఓడెక్కి బార్బడోస్ చేరాడు. మూడేళ్లు ఉన్నాడు. 1650లో తిరిగొచ్చాక అప్పులవాళ్లు జైల్లో వేయిస్తే, అక్కడ కూర్చుని ఆ దీవి చరిత్ర రాశాడు. చెట్లు, చేపలు, తిండి, సంగీతం, చక్కెర తయారీ అన్నీ రాశాడు. కళ్లున్న మనిషి, చెయ్యి తిరిగిన మనిషి. పటానికి ఆధారమైన కొలతలు మాత్రం ఆయనవి కావు. దీవిలో భూములు కొలిచే కెప్టెన్ జాన్ స్వాన్ వేసిన నక్షా మీద ఆయన పటం నిలబడింది.

ఆ పటం పేరు చాంతాడంత ఉంటుంది. సారం ఇంతే: వెస్టిండీస్‌లోని బార్బడోస్ దీవి వర్ణన, కొలత, ఒక్కొక్క తోట యజమాని పేరుతో సహా. అన్నమాట నిలబెట్టుకుంది కూడా. దీవి పడమటి ఒడ్డు పొడవునా, దక్షిణాన, చీమల బారుల్లా పేర్లు. ఇంచుమించు 285 తోటలు, ప్రతిదానికీ ఒక దొర పేరు. వాటిలో డ్రాక్స్ అనే పేరు ఉంది. చక్కెరను ఆ దీవిలో పెద్ద ఎత్తున మొదలుపెట్టినవాళ్లలో జేమ్స్ డ్రాక్స్ ఒకడు. డ్రాక్స్ హాల్ పేరుతో ఆ తోట ఈనాటికీ ఉంది. పటం మధ్యలో ఒకచోట పదివేల ఎకరాలు లండన్ వర్తకులవి అని రాసి ఉంటుంది. లోపలి నేల చాలా భాగం అప్పటికింకా అడవే, అందుకే ఆ ఖాళీల్లో ఒంటెలూ పందులూ.

ఉత్తరం కొసన ఒక చిన్న బొమ్మ ఉంది. చూపు తేలిగ్గా దాటిపోతుంది. గుర్రం మీద ఒకడు తుపాకీ పేలుస్తున్నాడు. ముందు ఇద్దరు పరిగెడుతున్నారు. వాళ్లు పారిపోతున్న బానిసలు. ఆ దీవిలో పనిచేసినవాళ్లకు ఈ పటం ఇచ్చిన చోటు ఆ రెండు అంగుళాలే. పేర్లున్నవాళ్లు తోటల్లో ఉన్నారు, పేర్లు లేనివాళ్లు పరిగెడుతున్నారు.

లిగన్‌తో పాటు ఓడలో వచ్చిన థామస్ మాడిఫర్డ్ ఒక తోటలో సగం వాటాను 7,000 పౌన్లకు కొన్నాడు. 500 ఎకరాల ఆ తోటలో ఏమేమి ఉన్నాయో లిగన్ లెక్క రాశాడు. ఇల్లు, గానుగ, మరగబెట్టే ఇల్లు, పశువుల పాకలు, 96 మంది ఆఫ్రికా బానిసలు, పశువులు, గుర్రాలు, గాడిదలు. ఒకే జాబితా, ఒకే వరస. దాన్ని చదివిన ప్రతిసారీ నా కళ్లు ఆ 96 దగ్గర ఆగిపోతాయి. 285 మంది పేర్లకు చోటు దొరికిన పటం పక్కనే ఈ అంకె ఉంది.

పుస్తకంలో గానుగ ఇంటి నక్షా ఒకటి వేరుగా ఉంది. ఎక్కడ చెరకు దించాలి, ఎక్కడ పశువులు తిరగాలి, రసం ఏ తొట్టిలోంచి ఏ తొట్టిలోకి పారాలి, అన్నిటికీ అక్షరాల గుర్తులు. తాతకు అదీ చూపించాను. ఆయన దాన్ని చదవక్కర్లేకుండా పోల్చుకున్నాడు. "ఇది గానుగ. ఇవి పెనాలా? ఐదున్నాయేటి?" ఐదే. పెద్ద రాగి పాత్ర నుంచి చిన్నదానికి, రసం చిక్కబడే కొద్దీ మారుస్తూ పోతారు. చివరి పాత్ర అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా వేడిది. మన పాకలో ఒక్క పెనంతో అయ్యే పనిని అక్కడ ఐదింటికి పంచారు. మనకు పొద్దున వేసిన రసం కాసేపటికి దిమ్మ అయి ఆరిపోతుంది. అక్కడ పొయ్యి ఆరకూడదు. సోమవారం తెల్లవారుజామున ఒంటిగంటకు మొదలైతే శనివారం రాత్రి దాకా, మనుషుల్నీ పశువుల్నీ మార్చి మార్చి, రాత్రీ పగలూ ఆడిస్తూనే ఉంటారని లిగన్ రాశాడు.

తాత నక్షా తిరగేసి చూసి, "ఎడ్లు తిరిగే చోటు ఎట్టినాడు. తోలేవోడేడీ?" అన్నాడు.

ఆ తర్వాత బార్బడోస్ పటాలు చాలా వచ్చాయి. 1670ల్లో రిచర్డ్ ఫోర్డ్ అనే సర్వేయరు మరింత వివరంగా గీశాడు. ఎనిమిది వందల పైచిలుకు తోటలు, ఎక్కడ గాలిమర గానుగ ఉంది, ఎక్కడ పశువుల గానుగ ఉంది అన్నది చిన్న చిన్న గుర్తులతో సహా. ఫోర్డ్ క్వేకరు మతస్థుడు. యుద్ధమూ వద్దు, పాదిరీల పెత్తనమూ వద్దు అనే మతం అది. అందుకని పటంలో కోటలు గీయలేదు, చర్చీలు గీయలేదు. దీవి గవర్నరు లండన్‌కు పటం పంపుతూ ఆ సంగతి ఫిర్యాదుగా రాయాల్సి వచ్చింది. గీసేవాడి మనసులో ఏముంటే అది పటంలోకి దిగుతుంది, లేనిది దిగదు అనడానికి ఇంతకన్నా తేటైన రుజువు నాకు దొరకలేదు. కోటను వదిలేయడానికి ఆయన అంతరాత్మ ఒప్పుకుంది గానీ, గానుగ గుర్తు పక్కన గానుగ తిప్పేవాళ్లకు ఒక గుర్తు పెట్టాలని తోచలేదు. 1717 నుంచి 1721 దాకా దీవి అంతా తిరిగి కొలిచిన విలియం మేయో పటం 1722లో వచ్చింది. కొలతల్లో అదే అప్పటికి మేలైనది. మేయో తర్వాత వర్జీనియాకు వెళ్లి, 1737లో రిచ్‌మండ్ పట్టణానికి వీధులు గీశాడు.

ఇక మన ఒడ్డుకు రావాలి.

1791లో ఫ్రెంచివాళ్ల చక్కెర దీవి సెయింట్ డొమింగ్‌లో బానిసలు తిరగబడ్డారు. నేటి హైతీ అదే. అప్పటికి ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ చక్కెర పండే చోటు తగలబడేసరికి యూరప్‌లో చక్కెర ధర మండిపోయింది. ఈస్టిండియా కంపెనీ చూపు మన చెరకు మీద పడింది. సామర్లకోటలో కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ఉన్నాడు. 1787 ఉప్పెనలో పుస్తకాలు, సామాను సర్వం పోగొట్టుకుని కూడా ఆ ఊరు వదలని మనిషి. రాజమండ్రి సర్కారులో, పెద్దాపురం జమీందారీలో రైతులు చెరకు ఎలా పండిస్తారో కళ్లారా చూసి ఆయన రాశాడు. దాన్ని లండన్‌లో అచ్చు వేసినవాడు అలెగ్జాండర్ డాల్రింపుల్.

ఈ డాల్రింపుల్ వృత్తికి పటాల మనిషి. కుర్రతనంలో మద్రాసులో కంపెనీ గుమాస్తాగా చేరి, 1779లో కంపెనీకి నౌకాపటాల అధికారి అయ్యాడు, 1795లో బ్రిటిష్ నౌకాదళానికే మొట్టమొదటి నౌకాపటాల అధికారి అయ్యాడు. ఒక చేత్తో మన తీరపు నౌకాపటాలు, ఇంకో చేత్తో మన చెరకు సాగు వివరాలు అచ్చు వేయించాడు. ఓడ ఎక్కడ లంగరు వేయాలి, వేశాక అక్కడ ఏం దొరుకుతుంది. కంపెనీకి ఈ రెండూ ఒకే పని.

రాక్స్‌బర్గ్ రాసినదాంట్లో ఒక వివరం నాకు చాలా ఇష్టం. చెరకు మూడడుగులు ఎదిగాక రైతులు కింది ఆకుల్ని ప్రతి గడ చుట్టూ జాగ్రత్తగా చుట్టి, దుబ్బు దుబ్బునంతా పాతిన వెదురుకు కడతారని రాశాడు. చదవగానే నాకు మా పొలం కళ్లముందు కదిలింది. అది మనం ఈనాటికీ వేసే జడచుట్టే. గాలివాన వస్తే చెరకు పడిపోకుండా ఆకుల్ని జడలా పేని, పక్క పక్క దుబ్బుల్ని ముడివేసే పని. రెండు చేతులకూ ఆకు కోతలు పడి సాయంత్రానికి స్నానం చేస్తే భగ్గున మండే పని. ఆ పని ఆయనకు చూపించిన రైతు పేరు అందులో లేదు. పెద్దాపురం రైతులు అని మాత్రం ఉంది.

రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉన్న రోజుల్లోనే మైకేల్ టాపింగ్ అనే ఖగోళజ్ఞుడు మన తీరం కొలిచాడు. యూరప్ ఓడలవాళ్లు మచిలీపట్నం నుంచి ఇటు మన వైపు ఉన్న ఒడ్డును పటాల్లో గోల్కొండ తీరం అనేవారు. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న కోట పేరు మన ఇసుక మీద రాశారు. కుతుబ్‌షాహీల రాజ్యం పోయి నూరేళ్లయినా పటంలో ఆ పేరు చెరగలేదు. టాపింగ్ కోరంగి రేవు కొలిచాడు, కృష్ణా గోదావరి నీళ్లను పొలాలకు మళ్లించవచ్చని కంపెనీకి రాశాడు, 1794లో మద్రాసులో సర్వే బడి పెట్టించాడు. సిపాయి దొరలకు ఇక్కడి స్త్రీలకు పుట్టి అనాథాశ్రమంలో పెరుగుతున్న పిల్లల్ని ఆ బడిలో చేర్చుకుని గొలుసు పట్టడం, గీత గీయడం నేర్పించారు. తర్వాతి కాలంలో గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది ఆ బడే. టాపింగ్ 1796లో మచిలీపట్నంలో చనిపోయాడు. ఆయన బడి పిల్లలు ఆ తర్వాత కాలిన్ మెకంజీ వెంట మైసూరు సర్వేకు నడిచారు.

మెకంజీ గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అయినా ఈ కథలో ఆయన పుట్టుక ముఖ్యం. స్కాట్లండుకు వాయవ్యాన లూయిస్ అనే దీవి, దానిలో స్టోర్నవే అనే రేవు పట్టణం. 1754లో అక్కడ పుట్టి, 1783లో మద్రాసు చేరి, మళ్లీ ఇంటి ముఖం చూడకుండా 1821లో ఈ దేశంలోనే పోయాడు. మధ్యలో సింహళం వెళ్లాడు, 1811లో జావా దీవికి వెళ్లి రెండేళ్లు పనిచేశాడు. 1815లో భారతదేశం మొత్తానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు.

పటం గీయడమంటే చూసి గీయడం కాదు. గొలుసు లాగాలి, జెండా పాతాలి, కొండ ఎక్కి దుర్భిణి బిగించాలి. అంతా అయ్యాక చుక్క పక్కన ఊరి పేరు రాయాలి. ఆ పేరు ఎవరు చెబుతారు? బార్బడోస్‌లో ఈ ఇబ్బంది రాలేదు. 1627లో ఇంగ్లీషువాళ్లు దిగేనాటికి ఆ దీవిలో మొదటినుంచీ ఉన్న జనం మిగల్లేదు. అడవి కొట్టి, కొట్టినవాడి పేరే పెట్టుకున్నారు. మన నేల మీద అలా కుదరదు. ఇక్కడ ప్రతి చెరువుకూ, ప్రతి దిబ్బకూ, ప్రతి పొలిమేర రాయికీ అప్పటికే పేరుంది. ఆ పేరు ఊరి కరణం కవిలెలో ఉంది, లేదా గుడి ముందు శాసనంలో ఉంది, లేదా పశువులు కాసే పిల్లాడి నోట్లో ఉంది. తెలుగు రాని దొరకు వాటిలో ఏ ఒక్కటీ అందదు.

అందించినవాడు కావలి వెంకట బొర్రయ్య. 1776లో ఏలూరులో పుట్టాడు. తెలుగు, సంస్కృతం, పారశీకం, హిందుస్తానీ, ఇంగ్లీషు వచ్చినవాడు. 1796లో మెకంజీ దగ్గర చేరేనాటికి ఇరవై ఏళ్లు. పాత శాసనాల లిపి విప్పి చదవడం నేర్చుకున్నాడు. ఊరూరా కరణాల్ని, పూజారుల్ని, వృద్ధుల్ని కూర్చోబెట్టి ఊరి పుట్టుక, ఏలినవాళ్లు, మాన్యాలు, చెరువులు అడిగి రాయించే పద్ధతి ఒకటి నడిపాడు. ఈనాడు మనం గ్రామ కైఫీయతులని చదువుకుంటున్న సంపద వెనక ఆ నడక ఉంది. జైన పండితుడొకరి నుంచి విని ఆయన ఇంగ్లీషు చేసిన జైనుల వృత్తాంతం ఆసియాటిక్ రిసెర్చెస్‌లో ఆయన పేరుతోనే అచ్చయింది. అప్పటికి ఆయన లేడు. 1803లో, ముప్ఫయ్యేళ్లయినా నిండకుండా పోయాడు. ఈ దేశపు విద్యల గుమ్మంలో తాను అడుగుపెట్టింది బొర్రయ్య పరిచయమయ్యాకే అని 1817లో మెకంజీ ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు. ఆ మాట రాసినందుకు మెకంజీ మీద నాకు గౌరవం. చాలామంది రాయలేదు.

1816లో థామస్ హికీ అనే చిత్రకారుడు మెకంజీ బొమ్మ వేశాడు. మధ్యలో ఎర్ర కోటుతో దొర. చుట్టూ ముగ్గురు మనవాళ్లు. ఒకరి చేతిలో దుర్భిణి, ఒకరి చేతిలో తాటాకుల గ్రంథం. దూరాన కొండ మీద కార్కళ గోమటేశ్వరుడు, పక్కన సర్వే కోసం పాతిన కర్ర. ఆ ముగ్గురిలో ఒకరు బొర్రయ్య తమ్ముడు లక్ష్మయ్య అని చరిత్రకారులు చాలామంది అంటారు. బార్బడోస్ పటం కన్నా ఇది ఒక మెట్టు మేలే. ఇక్కడ పనివాళ్లు కనబడుతున్నారు, దొరకు భుజం దగ్గరే నిలబడి ఉన్నారు. కానీ మెకంజీ పోయాక జరిగింది చూడండి. ఊళ్లలో రాయించి పోగేసిన ఆయన సేకరణను ఆయన భార్య కంపెనీకి లక్ష రూపాయలకు అమ్మింది. అందులో ఏ కట్టలో ఏముందో అందరికన్నా బాగా తెలిసిన లక్ష్మయ్య, పని నన్ను కొనసాగించనివ్వండి అని అర్జీలు పెట్టుకున్నాడు. 1830ల్లో ఆ ప్రతిపాదన బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ ముందుకు వచ్చింది. బ్రాహ్మీ లిపి గుట్టు విప్పిన జేమ్స్ ప్రిన్సెప్ అంతటివాడు, ఈ పనికి కావలసిన విమర్శన శక్తి లక్ష్మయ్యకు చాలదని తేల్చాడు. పని విలియం టేలర్ అనే మిషనరీ చేతికి వెళ్లింది. పాతికేళ్లు ఊరూరా తిరిగి ఆ కట్టలు పోగేసిన మనిషికి ఆ కట్టలు విప్పే అధికారం దక్కలేదు. ఈ అన్యాయాన్ని మన చరిత్ర పాఠాల్లో ఒక్క వాక్యంగానైనా చెప్పరు.

అన్నదమ్ముల్లో ఇంకొకడు, రామస్వామి, వేరే దారి పట్టాడు. ఎవరినీ అడగలేదు. కలకత్తాలో కూర్చుని 1828లో దక్కను నగరాల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. ప్రాచీన దక్కను పటానికి తోడుగా చదువుకోవడానికి ఈ పుస్తకం అని దాని ముఖపత్రం మీదే ఉంటుంది. ఏలూరు మనిషి ఒకడు, ఇంగ్లీషువాళ్ల రాజధానిలో, ఇంగ్లీషువాళ్ల భాషలో, తన దేశపు పటాన్ని తన పేరుతో వివరించాడు. మరుసటి ఏడు దక్కను కవుల చరిత్ర వేశాడు. అందులో పోయిన అన్న బొర్రయ్యనూ కవుల మధ్య కూర్చోబెట్టాడు. పటం మీద మన పేరు మనం రాసుకోవడం తెలుగువాళ్లు ఎప్పుడు మొదలుపెట్టారని ఎవరైనా అడిగితే నేను ఈ కావలి రామస్వామి పేరు చెబుతాను.

రసం పాకానికొచ్చింది. తాత లేచి వెళ్లి, గరిటె కొసన కొంచెం తీసి నీళ్లలో వేసి, వేళ్ల మధ్య నలిపి చూసి, దించమని చెయ్యి ఊపాడు. నలుగురు పెనాన్ని ఎత్తి వంచారు. మళ్లీ వచ్చి కూర్చున్నాక తన కథ చెప్పాడు.

"నాకు పదేళ్లప్పుడు సర్వేవోలొచ్చినారు బాబూ. జమీందారీలు పోయినాయి కదా, కొత్తగా కొలుత్తారన్నారు. గొలుసొట్టుకుని ఒకడు ముందు, ఒకడు ఎనక. జెండా నేను మోసినాను. గట్టెక్కడ, రాయెక్కడ అంటే మా అయ్య ఎల్లి సూపించినాడు. ఆ గట్టుకి మా అయ్య పేరే ఉండేది అప్పుడు."

"మరి కాగితంలో?"

"కాగితంలో నెంబరు."

1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేటుల రద్దు చట్టం తెచ్చాక మన వైపు జమీందారీ ఊళ్లలో జరిగిన కొలతలవి. ఆ గొలుసు పేరు గుంటరు గొలుసు. అరవై ఆరు అడుగులు, వంద లింకులు. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు అయితే ఎకరం. ఎడ్మండ్ గుంటరు అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు 1620లో దాన్ని రూపొందించాడు. బార్బడోస్‌లో ఇంగ్లీషువాళ్లు కాపురం పెట్టడానికి ఏడేళ్ల ముందు. ఇంగ్లీషువాళ్లు ఎకరాలు కొలిచిన నేలలన్నిటికీ అది ప్రయాణించి, మూడు వందల ఏళ్లకు పైబడ్డాక తాత జెండా పట్టుకున్న మడికీ వచ్చింది.

ఇంకో ప్రయాణం ఉంది. బ్రిటిష్ దీవుల్లో 1834లో బానిసత్వం రద్దయింది, ఫ్రెంచి దీవుల్లో 1848లో. తోటలకు చేతులు కావాల్సి వచ్చాయి. మొదట మారిషస్‌కు, తర్వాత కరీబియన్ దీవులకు, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, చివర ఫిజీకి మనవాళ్లను ఓడలెక్కించారు. మారిషస్‌లో తెలుగువాళ్లకు కొరంగీలనే పేరు పడింది. టాపింగ్ కొలిచిన ఆ కోరంగి రేవు పేరే. ఫ్రెంచివాళ్లు పుదుచ్చేరి, కారైకాల్‌తో పాటు మన యానాం నుంచి కూడా మనుషుల్ని తీసుకెళ్లారు. ఒక్క గ్వాడెలూప్ దీవికే అన్ని రేవుల నుంచీ కలిపి 42,000 మంది దాకా చేరారు. నేటాల్, ఫిజీ ఓడల పట్టీల్లో విశాఖపట్నం జిల్లా పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

ఆ పట్టీలు నేను చూశాను. ఒక్కొక్క మనిషికీ ఒక నంబరు. తర్వాత గళ్లు: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాణా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. ఎడమ చెంప మీద మచ్చ, కుడి మోకాలి మీద గాయపు గుర్తు. గుమాస్తాకు ఊళ్ల పేర్లు సరిగా వినపడక పల్లి ఒకచోట పిల్లి అవుతుంది, పాలెం ఒకచోట పోలం అవుతుంది. చెవికి అందినట్టు రాసుకుపోయాడు. ఆ వంకర స్పెల్లింగుల్ని పైకి చదువుతూ ఇది ఏ ఊరై ఉంటుందని పోల్చుకోవడం నాకు కొన్ని రాత్రుల పని. ఒక్కోసారి దొరుకుతుంది. దొరికిన రాత్రి నిద్ర పట్టదు.

ట్రినిడాడ్ దీవిని 1797లో ఇంగ్లీషువాళ్లు స్పెయిన్ నుంచి లాక్కోగానే మొట్టమొదట చేయించిన పనుల్లో ఒకటి పటం. మాలెట్ అనే సర్వే ఇంజనీరు దాన్ని గీశాడు. 1845 మే 30న మొదటి భారతీయుల ఓడ ఆ దీవికి చేరింది. 1917లో ఓడలు ఆగేదాకా లక్షా నలభై వేల పైచిలుకు మంది దిగారు. కలకత్తా ఓడలే ఎక్కువ, మద్రాసు ఓడలు తక్కువ. అయినా మద్రాసీలని పిలవబడ్డవాళ్లలో తమిళులతో పాటు మనవాళ్లూ ఉన్నారు.

తాతకు చివరిగా ఫోన్‌లో ట్రినిడాడ్ పటం తీసి చూపించాను. దక్షిణాన శాన్ ఫెర్నాండో పట్టణం, దాని పక్కన చెరకు తోటల ఊళ్లు. వేలితో పెద్దది చేసి ఒక పేరు దగ్గర ఆపి చదివి వినిపించాను. గోల్కొండ.

"మన గోల్కొండేనా?"

"పేరు మనదే తాతా."

ఒకప్పుడు అది ఒక దొర తోట. వజ్రాల కోట పేరు వినని యూరప్ వర్తకుడు ఆ రోజుల్లో లేడు. ఆ తోట చుట్టుపక్కల నేల మీద మనదేశపు కూలీల మనవలూ మునిమనవలూ చెరకు నరికారు. 2003లో ప్రభుత్వ చక్కెర కంపెనీ కరోనీ మూతపడే దాకా ఆ దేశంలో చెరకు బతుకులు అలాగే సాగాయి. ఊరు మిగిలింది, పేరు మిగిలింది.

తాత ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. బార్బడోస్ పటాన్ని మాత్రం మడత పెట్టనివ్వలేదు. గుర్రం మీద మనిషి బొమ్మను మళ్లీ వెతికి పట్టుకుని, పరిగెడుతున్న ఇద్దరి మీద వేలు పెట్టాడు.

"ఈలు దొరికిపోనారా, తప్పించుకున్నారా? పుస్తకంలో రాసినాడేటి?"

రాయలేదని చెప్పాను. ఆయన తల ఊపి, ఆరబోసిన దిమ్మల వైపు వెళ్లిపోయాడు.

(వచ్చే భాగంలో: 1902, సామర్లకోట. ఎర్రకుళ్లు తెగులు, ఎర్ర మారిషస్ చెరకు)